డోర్ లాక్

గరివిడిలో నా బీటు
పదకొండు వందల నలభై మీటర్లు.
నెల మొదటి వారం, ఎండ ముదరక ముందే
బిల్లు మిషను భుజాన తగిలించుకుని
ఇళ్ల ముందుకన్నా ఇళ్ల పక్కకే ఎక్కువ వెళతాను.
మీటరెప్పుడూ సందులోనే ఉంటుంది,
అరిగిన చీపురూ, పగిలిన కుండీ,
పాత సైకిలు చక్రమూ చేరే చోట.
పిట్టలూ అక్కడికే చేరతాయని
ఎనిమిదేళ్లకి గానీ తెలీలేదు.

మొదట కనిపించింది జెముడుకాకి.
క్వార్టర్స్ వెనక తుప్పల్లోంచి వచ్చింది,
ఇటుక రంగు రెక్కలు, నిప్పు కన్ను.
ఎగరొచ్చు కదా, ఎగరలేదు.
చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని
బస్సు కోసం పరిగెత్తే టీచరమ్మలా
రోడ్డు దాటి, గోడ వారనే పరుగు,
నోట్లో తొండ వేలాడుతూ.
"శుభం బాబూ, ఎదురొచ్చింది నీకు" అన్నాడు
ఇస్త్రీ బండి సూరప్పడు.
ఆ పూటే నన్ను కుక్క కరిచింది.

మిషన్లో చిక్కి పాడయిన బిల్లు వెనక
పెన్సిలుతో రాసుకున్నాను:
సర్వీసు నంబరు 412. జెముడుకాకి. తొండతో.
బిల్లు మీది అంకెలు ఒక్క వేసవికే వెలిసిపోతాయి.
పెన్సిలు గీత పోదు.

ఇక కళ్లు ఊరుకోలేదు.
రైసుమిల్లు మీటరు పెట్టెలో గడ్డిపరకలు.
రీడింగు కనపడక కాస్త జరిపితే
ఊరపిచ్చిక నన్ను నానా తిట్లూ తిట్టింది.
కిరాణా కొట్టు వెనక తడి మట్టిలో
ముక్కు గుచ్చి, తల మీద విసనకర్ర
విప్పి, మూసి, మళ్లీ విప్పిన కూకుడుగువ్వ.
బడి గోడ కింద కముజుపిట్ట,
దాని వెనకాల దొర్లుకుంటూ ఏడు బఠాణీలు.
మాంగనీసు గుట్టల దగ్గర, మొక్క కూడా మొలవని నలుపులో,
వాన నీళ్లు నిలిచిన గుంటలో
ఒంటికాలి మీద ఒక పొడుగు ముక్కు.
పేరడిగితే అందరూ కొంగే అన్నారు.
కాయితం మీద "కొంగ కాదు" అని రాశాను.

మార్చిలో లెంక తవుడమ్మ ఇల్లు.
ఒకటే గది, పైన స్లాబు,
స్లాబు మీంచి ఆకాశంలోకి తుప్పు పట్టిన చువ్వలు.
మూడు నెలల బకాయి.
లైన్‌మన్ సెలవులో ఉన్నాడని
కటింగ్ ప్లేయరు నా చేతిలో పెట్టి పంపారు.
నాలుగు మెట్లెక్కానో లేదో
నా తల మీదకి దూకింది, అరుచుకుంటూ,
పసుపు కాళ్లు, కళ్ల ముందు ఎర్ర తోలు.
తీతువు.

"ఎక్కకు బాబూ, గుడ్లెట్టింది."

కంకర చిప్సులో నాలుగు గుడ్లు.
చూపించాక కూడా మూడే లెక్కపెట్టాను.
నాలుగోది రాయి కాదని ఆమె వేలు పెట్టి చెప్పాలి.
రెండు ఇటుకల మీద నీడకి గోనె ముక్క,
పక్కన మూకుట్లో నీళ్లు.
"మద్దినం కడుపు తడుపుకొచ్చి
గుడ్ల మీద కూకుంటాది. సల్లగుండాల కదా."

"ఇంటి మీద తీతువా? తోలీలేదా?"

ఆమె నన్ను కాదు, ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూసింది.
"మా ఆయన పోయిన రేతిరి అరిసింది, నిజిమే.
అరవకపోతే ఉండిపోద్దుడేటి?
ఆ గుండెల్లో దుమ్ము ఇదెట్టిందేటి?"

దిగి వచ్చాను.
తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ గుమ్మంలోనే నిలబడి
ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి
మిషన్లో కొట్టాను: డోర్ లాక్.
"ఏటి రాసినావు?" అంది. చెప్పాను.
నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఏప్రిల్లో వెళ్లేసరికి స్లాబు మీద
మూకుడు, గోనె, ఎండ.
ఎలా దిగాయి, అంత ఎత్తునించి, రెక్కలైనా రాకుండా?
"నాను సూళ్లేదు బాబూ.
తెల్లారి పక్కోళ్ల దొడ్లో తల్లి అరుపినిపించింది."
చీర చెంగు ముడి విప్పి
చెమటకి మెత్తబడ్డ నోట్లు, రెండు నెలలవి, లెక్కపెట్టి
"ఇంక తాళం తీసీ" అంది.

సర్వీసు నంబరు 877. తీతువు. నాలుగు.
దిగడం ఎవరూ చూడలేదు.