తాళంచెవి

మా దీవికి మొదటి తాళంకప్ప
సరుకుల పడవలో వచ్చింది,
బియ్యం బస్తాలకీ మాంసం డబ్బాలకీ మధ్య.
ఇదేం పీత అని అడిగారు పిల్లలు.
కొక్కెం నొక్కితే టక్కుమంది.
ఎవరూ నవ్వలేదు.

గోడల్లేని ఇళ్లు మావి.
నాలుగు గుంజలు, మొగలాకు కప్పు, ఒక చాప.
తలుపే లేనివాళ్లకి తాళమెందుకంటే
వాన నీళ్ల ట్యాంకు కోసం.

బావులు ఏడాది కిందటే ఉప్పుబడ్డాయి.
ఒక పున్నమి పోటు రోడ్డు దాటి వచ్చి
బబాయి దుంపల గుంటల్లో కూర్చుంది,
చుట్టంలా, మూడు రోజులు.
వెళ్లాక చూస్తే ఆకులన్నీ
వేడినీళ్లు పడ్డ చర్మంలా ఉన్నాయి.
బ్వెరెయా వాళ్ల తాత తవ్విన గుంట అది.
బ్వెరెయా వంగి, దోసెడు నీళ్లు పుక్కిలించి, ఉమ్మి,
మనేయబాకి వచ్చి
తన కుటుంబం చోటులో తను కూర్చున్నాడు.
ఏమైందని ఎవరూ అడగలేదు.
ఎవరి ఉప్పూ తిన్నవాళ్లం కాదు మేం.
ఉప్పే మమ్మల్ని తింటోంది.

తాళంచెవి నా మెడలో వేశారు.
మంత్రసానిని కదా,
ఏ ఒక్కరి మనిషినీ కానని.
ఇంటికి పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒకటి.
పురుడు పోసిన చేతులతోనే
నీళ్లు పోస్తాను, గీత దాకా. గీత దగ్గర ఆపుతాను.
ఒక్క బొట్టు ఎక్కువైతే
వెనక వరసలో గొంతులు కదలడం వినిపిస్తుంది.
ఆ వరసలో సగం మందిని
ఈ లోకంలో మొదట ముట్టుకున్నది నేను.
ఇప్పుడు వాళ్లు నా కళ్లలోకి చూడరు.
మెడకేసి చూస్తారు.

తరావా నుంచి ఒక అధికారి వచ్చాడు,
కిరిబాటి ప్రభుత్వం ముద్ర ఉన్న ఫారంతో,
సీసా నీళ్లతో.
ఫారంలో నేలకి ఒక గడి, మనుషులకి ఒక గడి.
మన భాషలో అబా అంటే నేల,
అబా అంటే మనుషులు కూడా కదా బాబూ,
ఏ గడిలో రాస్తావు అన్నాను.
కాస్త సిగ్గుపడ్డాడు, మనవాడే.
రెండో ట్యాంకు ఎప్పుడిస్తారంటే మాత్రం
నీళ్లు నమిలాడు.
మా దగ్గర అది కూడా దుబారానే.

ఏప్రిల్‌లో ఒక రాత్రి
నెయ్ అకెనేతె బిడ్డకి విరేచనాలు పట్టుకున్నాయి.
మాడు మీద మెత్తని చోటు
చెంచాతో తీసినట్టు గుంటపడింది.
పరిగెత్తాను. తాళంలో చెవి పెట్టాను.
తిరగలేదు.
ఇన్నాళ్లూ మేం ఒకరినొకరం కాపలా కాస్తుంటే
సముద్రపు గాలి వచ్చి
తాళం లోపల కాపురం పెట్టింది.
కొబ్బరి నూనె పోశాం. పగడపు రాయితో కొట్టాం,
రాయే విరిగింది.
బ్వెరెయా ఇంటికెళ్లి గునపం తెచ్చాడు,
బబాయి గుంట తవ్విన గునపం, పనిలేక మూలన పడున్నది.
మూడు దెబ్బలు.
మూత తీస్తే, లోపల జానెడు నీళ్లు, ఒక చుక్క.
ఆకాశంలోని చుక్కే.

కాచి, చక్కెర కలిపి,
చిటికెడు ఉప్పు వేస్తుంటే నా చెయ్యి వణికింది.
తెల్లవార్లూ చెంచాతో పోశాం.
తెల్లారాక బిడ్డ ఏడ్చింది.
ఏడుపు కాదు నేను చూసింది, కంటి కొసన తడి.
వేలితో తుడిచి నాలుకకి రాసుకున్నాను.
ఉప్పగా ఉంది.
అబ్బ, ఎంత బాగుందో.

పడవ పద్నాలుగో తేదీన మళ్లీ వస్తుంది.
ఇంకో తాళం తెప్పించాలా వద్దా అని
మనేయబాలో రెండు రాత్రులుగా మాటలు.
పెద్దవాళ్లు నావైపు చూస్తారు. నేను చాప అల్లుతుంటాను.
తాళంచెవి ఇంకా మెడలోనే ఉంది,
తీయడం మరిచిపోయానని చెబుతున్నాను.

పొద్దున్నే ఎవరూ లేవకముందు వెళ్లి
ట్యాంకు చుట్టూ ఇసకలో
రాత్రి పడ్డ అడుగులు లెక్కపెడతాను.
కొన్ని చిన్నవి. కొన్ని పెద్దవి.
ఒక జత నావి.