లోపు, వరకు

విడవలూరులో వలల కొట్టు మీద మేడగది.
కింద ఐసు దంచే మిషను ఆగినప్పుడల్లా
నా టెస్టులు నడుపుకుంటాను.

రొయ్యల కౌంటు చూసి రేటు కట్టే ప్రోగ్రాము మాది.
మొదటి వారం ఒకే ఒక్క టెస్టు రాశాను,
దాని కడుపులో పదకొండు నిర్ధారణలు కుక్కి.
పేరు కూడా సరిగ్గా పెట్టలేదు, టెస్టు ఒకటి.
అది ఎర్రబడింది.
నిజం రావాలి, అబద్ధం వచ్చింది, అంది.
అంతే అంది.
మూడోదాని దగ్గరే కూలబడి
మిగతా ఎనిమిదింటి ఊసెత్తలేదు.

మర్నాడు గుంట గట్టున మాలకొండయ్యను చూశాను,
కౌంటు చెకర్.
నాలుగు మూలలా నాలుగుసార్లు విసురు వల వేసి
నాలుగు పళ్ళాల్లో విడివిడిగా పోస్తున్నాడు.
"అన్నీ కలిపేస్తే పోలా?"
"కలిపేస్తే ఏ మూల జబ్బు తగిలిందో
ఎట్ట తెలిసేది మేడం?"
తడి చేతులు లుంగీకి తుడుచుకుంటా అన్నాడు.

ఆ రాత్రి పదకొండూ విడగొట్టాను.
ఒక్కోదానికి మూడే మెట్లు, మధ్య మధ్య ఖాళీ వరస:
గుంట సిద్ధం చెయ్యి.

వల వెయ్యి.

లెక్క చెప్పు.

పేర్లు వాక్యాలుగా రాశాను:
నలభై కౌంటుకు నలభై రేటే కట్టాలి.
ఖాళీ పళ్ళానికి బిల్లు పుట్టకూడదు.
తప్పులు దిద్దాక అన్నీ పచ్చ.

పడుకుందామనుకున్నా. ఎందుకో అనుమానం.
రేటు లెక్క మొత్తం చెరిపి
అడ్డదిడ్డంగా తొమ్మిది వేలు పెట్టాను.
అన్నీ భగ్గుమన్నాయి,
ఒకటి మాత్రం పచ్చగా నవ్వుతా ఉంది.
తెరిచి చూస్తే గుంట ఉంది, వల ఉంది,
లెక్క చెప్పే వాక్యమే లేదు.
గట్టు దిగకుండానే "బాగుండాయి" అని
సంతకం పెట్టిపోయేవాడిలాగా.

లెక్కను మళ్ళీ చోట్లో పెట్టి ఆ వాక్యం రాశాను:
సరిగ్గా ముప్పై కౌంటుకు ముప్పై రేటు.
ఎర్ర.

కొనే చోట బోర్డు మీద "ముప్పై వరకు".
మా కోడులో "ముప్పై లోపు".
మధ్యన ఒక్క సమానం గుర్తు తక్కువ.

గుర్తు పెట్టడానికి క్షణం పట్టింది.
పాత బిల్లులు తిరగేసేసరికి తెల్లారింది.
సరిగ్గా ముప్పై దగ్గర నిలిచినవి ఆరు.
అందులో ఒకటి దంపూరు పెంచలయ్యది,
మూడొందల నలభై కిలోలు.

టెస్టు పేరు మార్చాను:
ముప్పై అంటే ముప్పై కూడా.
కింద ఆ బిల్లు నెంబరు రాశాను.

ఐసు మిషను మళ్ళీ మొదలైంది.
ఓనరు లేచే వేళ కాదు.
ఫోను చేశాను.