ముప్పై ఏడో వరుస

రాత్రి డ్యూటీ దిగి వచ్చి
బూట్లు విప్పకుండానే లాప్‌టాప్ తెరుస్తాను.
ఇల్లు ఇంకా ఎక్సెల్‌లోనే ఉంది,
నలభై ఒక్క వరుసల ఇల్లు.
గోడల్లేవు, తలుపుల్లేవు,
అడుగున ఎర్ర అంకె ఒకటి
పొయ్యి మీద మరిచిన పాలలా
రోజుకింత పొంగుతూ.

మెల్టన్ సౌత్‌లో మా జాగా.
నాలుగు వందల చదరపు మీటర్ల ముళ్ళగడ్డి,
గాలికి ఒరిగిన నంబరు కర్ర.
తూర్పు ముఖం ప్లాట్లకి
మనవాళ్ళే ఎగబడి ధర పెంచారు.
దక్షిణం చూసే మాది పన్నెండు వేలు తక్కువ.
"దిక్కులన్నీ దేవుడివే" అన్నాడు ప్రభుదాస్,
చర్చిలో ఎన్నడూ కనబడనంత భక్తితో.

నమూనా ఇంట్లో పళ్ళెం నిండా ప్లాస్టిక్ నిమ్మకాయలు.
"ఇక్కడ కనిపిస్తున్నవి చాలావరకు ధరలో లేవు"
అన్నాడు అమ్మేవాడు, మర్యాదగా.
కిందికి చూసి అడిగాను,
"ఈ నేల కూడానా?"
"నేల కూడా."

మంగళవారం మట్టి రిపోర్టు వచ్చింది.
వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది,
పునాది మందం పెంచాలి అని
ఇంజినీరు స్టావ్రోస్ ఫోన్లో నిదానంగా చెప్పాడు.
నల్లరేగడి గురించి నాకా చెప్పడం?
పత్తి చేను నెర్రెల్లో చెప్పు పోగొట్టుకున్నదాన్ని.
ఖర్చు తడిసి మోపెడైందంటాం కదా,
ఇక్కడ తడిసేది మట్టి, మోపు మాది.
పద్దెనిమిది వేల నాలుగు వందలు.
తవ్వుతుంటే రాయి తగిలితే, అది వేరే.

అప్పటినుంచీ కోతలే.
ముందు వెనక వరండా పోయింది.
వంటగట్టు రాయి పోయి లామినేట్ వచ్చింది.
కప్పు ముప్పై సెంటీమీటర్లు కిందికి దిగింది,
మనమేమంత పొడుగని సర్దుకున్నాం.
కెజియా గది రెండో కిటికీ
మూడుసార్లు తీశాను, మూడుసార్లు పెట్టాను.
అది అడగలేదు.
అడిగుంటే తీసెయ్యడం తేలికయ్యేది.

తర్వాత కరెంటు ప్లాను.
ఒక్కో ప్లగ్గుకి నూట పది డాలర్లు.
ఒక చుక్క పెట్టాలంటే
అక్కడెవరు కూర్చుంటారో, ఎన్నేళ్ళు కూర్చుంటారో తెలియాలి.
మంచానికి ఎడమ పక్క ప్రభుదాస్ గురక మిషను,
కుడి పక్క నా ఫోను.
ముప్పై ఏళ్ళపాటు కుడివైపే పడుకుంటానని
సంతకం పెట్టినట్టే.

నా డ్యూటీ వృద్ధుల హోములో.
పడినవాళ్ళని లేపుతాను.
నేను చూసినంతలో ఎక్కువమంది పడేది
తెల్లవారుజాము మూడింటికి, స్నానాలగదిలో,
పట్టుకోను ఏమీ లేని నున్నటి గోడ పక్కన.
తడి టైల్స్ మీద వేళ్ళు జారే చప్పుడు
అలారం కన్నా ముందు నాకు వినిపిస్తుంది.

అందుకే ముప్పై ఏడో వరుస.
స్నానాలగది గోడలోపల అడ్డంగా ఒక చెక్క.
టైల్స్ వెనక ఉంటుంది, ఎవరికీ కనబడదు.
ఏనాడైనా పట్టుకునే కమ్మీ బిగించాల్సొస్తే
మేకుకి ఊతం.
ఎనభై ఐదు డాలర్లు.

"ఇదేంటి?" అన్నాడు ప్రభుదాస్,
వేలు అప్పటికే డిలీట్ మీద.
చెప్పాను.
నలభై నాలుగేళ్ళ మనిషి
కాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు.
"ఎంత ఎత్తులో?
నీ నడుముకా, నా నడుముకా?"

ఈ అద్దింటి స్నానాలగదిలో
ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం.
బాండ్ డబ్బు గుర్తొచ్చి పెన్సిలు గీత గీయలేదు,
వేలు అదిమిపెట్టి టేపు చదివాం.
పదకొండు సెంటీమీటర్ల తేడా.
కెజియా తలుపు కొట్టి, "లోపల ఇద్దరూ ఏం చేస్తున్నారు?"
"ఇల్లు కడుతున్నాం" అన్నాడు వాళ్ళ నాన్న.

వంటగట్టుకి పైసా లేదన్న మనిషే
ఎనభై ఐదు చెరిపి
నూట డెబ్భై కొట్టాడు.

అడుగున అంకె ఇంకా ఎర్రగానే ఉంది.
నిన్న కౌన్సిల్ నోటీసొచ్చింది,
ఎండాకాలం మంటలొస్తాయి, గడ్డి కోయించండి, లేదా జరిమానా.
నలభై రెండో వరుస తెరిచాను.