పదమూడు బిట్ల డబ్బా

మిర్యాలగూడ సాగర్ రోడ్డుల కొన్న,
మూడు వందల తొంభై తొమ్మిది.
మూత తీస్తే పదమూడు డ్రిల్లు బిట్లు,
ప్రార్థనకు నిలబడ్డ బడి పిల్లల తీరు
పొట్టి నుంచి పొడుగు దాకా.
అన్నింటికీ బంగారు పూత.
రేణుక చూసి
"ఇవి చెవులకు పెట్టుకోవచ్చు గదా" అని నవ్వింది.

ఇంటెనుక రేకుల షెడ్డు, అండ్ల నా లేతు.
దాని మీదికెల్లే బట్టలారేసే తీగె పోతది.
చీరెకు ఆయిలు మరక పడ్డనాడు
నాకు బువ్వ లేదు.

తిప్పర్తి నుంచి ముత్తిలింగం వచ్చిండు
బోరు మోటరు కప్లింగ్ యూరియా సంచిల వేసుకొని.
"మడి నెర్రెలు బాస్తున్నది మామా,
పొద్దుగూకేటాల్లకన్న..."
నాలుగు బెజ్జాలు, నాలుగింటికి మరలు. అంతే పని.

ఒకటి పడ్డది.
రెండోదానికి బిట్టు కూత పెట్టింది.
మూడోదాంట్ల
అది ఇనుమును కోసుడు కాదు,
ఇనుమే దాన్ని కోసింది.
జడ విప్పుకున్నట్టు మెలికలు విప్పుకొని
నిలువుగ సాగింది.
ట్యాప్ సంగతి అడగకుండ్రి.
ఇంక అర చుట్టు ఉన్నదనంగ విరిగింది.
ఆ చప్పుడు చెవి కంటె ముందు
మణికట్టుకు తెలుస్తది.

ముత్తిలింగం ఏమనలే.
బీడీ ముట్టించి, మళ్ల ఆర్పిండు.

బిట్టు మొనను గ్రైండర్ మీద పెట్టిన.
కొలిమికాడ మా పెదనాయిన చెప్పింది ఒక్కటే,
"ముద్ర చూడకు బిడ్డా, రవ్వ చూడు."
అసలుదాని రవ్వ ఎర్రగ, పొట్టిగ ఉంటది,
ఎక్కువ మాట్లాడదు.
ఇదేమో తెల్లగ కొమ్మలు కొమ్మలుగ చిట్లింది
కాకరపువ్వొత్తి తీరు.
హెచ్చెస్సెస్ అని చెక్కిన మూడక్షరాలు
నా ముంగట దీపావళి చేసుకున్నయి.

తిడుదామని నోరు తెరిచిన.
దామరచర్ల బియ్యం మిల్లు షాఫ్ట్ యాదికొచ్చింది.
పోయినేడు నేనే తీసిచ్చిన.
బిల్లుల ఈఎన్-ఎయిట్ అని రాసిన.
తుక్కు కొట్టుల దొరికిన మామూలు రాడు అది,
ఎమరీ కాగితం పట్టి
మొకం కనపడేటట్టు మెరిపించిన.
గా మెరుపు ఏ పూత?
మిల్లు వెంకటనర్సు ఇయ్యాల్టికీ
కనపడితె ఛాయ్ తాగిపిస్తడు.

సొరుగు అడుగున ఒక పాత బిట్టున్నది,
నూరి నూరి బొటనవేలంత మిగిలింది.
దాన్నే మళ్ల నూరిన.
మహబూబలి తాన ట్యాప్ అడుక్కొచ్చుకున్న.
విరిగిన ముక్కను ఉన్నకాడ్నే ఉండనిచ్చి
పక్కన కొత్త బెజ్జం పెట్టి,
రేణుక తలనూనె సీసాల రెండు చుక్కలు ఒంచుకొని
మెల్లగ దింపిన.
పొట్టు రెండు పాయలుగ చుట్టుకుంట పైకొచ్చింది.

ముత్తిలింగం పైసలిచ్చిండు.
యాభై తిరిగి వాని జేబుల పెట్టిన,
ఎందుకో చెప్పలే.

డబ్బా ఇప్పుడు తీగె కింద ఉన్నది,
రేణుక అండ్ల బట్టల క్లిప్పులు వేసుకున్నది.

రేపు దామరచర్ల పోవాలె.
లోపలికి పోతనో లేదో.
మిల్లు నడిచేటప్పుడు గోడ బయట నిలబడి
జర వినాలె.