తారీఖు

గ్రీన్ లేన్స్‌లో, కబాబుల పొగకూ ఇస్త్రీ ఆవిరికీ మధ్య
పెంబె అబ్లా కుట్టు దుకాణం.
అబ్లా అంటే అక్క.
దుకాణాన్ని ఆమె కూడా దుకాణమనే అంటుంది,
చివరి ముక్క కత్తిరించేసి.

నేను చేరిన కొత్తలో
ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒక చొక్కాకి సరిపోయేది కాదు.
ప్యాంట్ల అంచులు మడుస్తూ మాటలు ఏరుకున్నాం,
మిషన్ కింద గుండీలు ఏరినట్టు:
జేబు. సబ్బు. జవాబు. హల్వా.
జగిత్యాల నుంచి నేను మోసుకొచ్చినవీ
సైప్రస్ నుంచి ఆమె మోసుకొచ్చినవీ
ఏ కాలపు సంతలోనో ఒకే మూటలోంచి జారినట్టున్నాయి.

తారీఖు అంటే నాకు చీటీ మీద రాసేది,
పదిహేనున రండి, ఇచ్చేస్తాం అని.
ఆమెకూ అంతే.
కాకపోతే వాళ్ళకు చరిత్ర కూడా అదే మాట.
"రెండిటికీ ఒకటి చాల్లే" అంది దారం కొరుకుతూ.

ఒకరోజు కత్తెర కనిపించక
"గాయబ్!" అన్నాను.
ఆమె మిషన్ ఆగింది.
ఆ మాట వాళ్ళకూ ఉంది.
కత్తెరల కోసం కాదు.

హాసిప్. అన్న. పదిహేడేళ్ళు.
ఆస్పత్రి వంటింట్లో ఉల్లిపాయలు తరిగే పని.
చలికాలం ఒక పొద్దున బస్సెక్కాడు.
అందులో ఇంకా ఒక మంత్రసాని, ఇద్దరు కూలీలు,
గుడ్ల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన.
ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు.
తుపాకులు మలుపులో ఉన్నాయి.

దుకాణం వెనక కొక్కేనికి ఒక ప్యాంటు.
ఆ వారమే వాళ్ళమ్మ మడిచింది, ఒక కాలే.
రెండోది రాత్రికి చూద్దామనుకుంది.
లండన్‌కి అట్లాగే తెచ్చుకుంది,
బతికినన్నాళ్ళూ ఎవర్నీ దానికి సూది పెట్టనివ్వలేదు.
ఈ దుకాణంలో చీటీ లేని బట్ట అదొక్కటే.

పోయిన మార్చిలో ఫోను.
పాడుబడ్డ బావి. బుగ్గ లోపల తిప్పిన దూదిపుల్ల.
చెప్పుల పెట్టెకన్నా కొంచెం పెద్ద పెట్టె.

పాతిపెట్టి తిరిగొచ్చాక రవ్వ వేయించింది.
పోయినవాళ్ళ కోసం హల్వా చేస్తే
వచ్చినవాళ్ళంతా తలా ఒక చుట్టు తిప్పాలట.
పక్క బేకరీ ఆండ్రూలా వచ్చి గుమ్మంలో నిలబడింది.
ఆమె తండ్రీ ఆ దీవిలోనే పోయాడు,
ఏ బావిలో ఉన్నాడో ఇంకా తేలలేదు.
ఎవరి తుపాకులో ఇద్దరికీ తెలుసు.
పెంబె గరిటె అందించింది. ఏమీ అనలేదు.
ఆండ్రూలా రెండు చుట్లు తిప్పింది.
నేనూ తిప్పాను.
ఎవరి కోసమని నన్నెవరూ అడగలేదు.
యాలకులు లేవు, నెయ్యి కాదు వెన్న,
అయినా అడుగంటితే గీకే చప్పుడు మాత్రం మా ఇంటిదే.

అందరూ వెళ్ళాక ప్యాంటు దించింది.
రెండో కాలు మడుస్తుందనుకున్నాను.
"తొడ ఎముక కొలిచి చెప్పారు," అంది,
"అమ్మ కొలత తప్పింది.
వాడు ఇంకా పెరుగుతున్నాడు."

కళ్ళద్దాలు సవరించుకుని
అమ్మ కుట్టిన కాలు
ఒక్కో కుట్టూ విప్పడం మొదలుపెట్టింది.