పడవ కదలకపోతే

మ్యాపు మడతలు పడుకోనంటున్నాయి.
ఒక మూల ఉప్పుడబ్బా, ఒక మూల మాగాయ సీసా,
మూడో మూల నెస్టా మోచెయ్యి.
సముద్రం ఉన్న మూల మాత్రం
లేచి లేచి పడుతోంది.

బ్యాంగర్‌లో ఫిబ్రవరి వాన.
పొద్దుటినుంచి నూటపది నెత్తురు గొట్టాలకి
పేర్లంటించిన వేళ్ళతో
తీరం తడుముతున్నాను:
క్లన్నోగ్, ట్రెవోర్, పిస్తిళ్, నెవిన్,
నేల చిటికెనవేలు చాపిన చోట అబర్‌డారోన్.
దాని ఎదుట, నీళ్ళలో, మెతుకంత దీవి.

"పిస్తిళ్ కాదు," అంటుంది నెస్టా.
నాలుక పళ్ళవెనక ఆనించి
పక్కలనుంచి గాలి వదలమంటుంది.
యాభై ఏళ్ళుగా ళ పలికిన నాలుక,
బావిలో చేద జారిన చప్పుడు చేసి ఊరుకుంటుంది.
బడి వంటింట్లో ముప్ఫై ఏళ్ళు బంగాళాదుంపలు మెదిపిన
ఆమె భుజాలు నవ్వుకి కదులుతాయి,
మ్యాపూ కదులుతుంది.

స్పెయిన్ దారిలో జనమట,
పడక కోసం చీకటినే లేచి పరుగులట.
ఇక్కడ రోజంతా నడిస్తే ఎదురయ్యేది
గొర్రెలు, ఒక గేటు,
ఆ గేటు వేసి వెళ్ళమని ఒక పలక.

రోజుకి పది మైళ్ళన్నాను.
ఆరంది ఆమె కొత్త మోకాలు.
ఏడు దగ్గర బేరం తెగింది.
తిరుమల మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం ఉందని చెప్పాను.
మోకాళ్ళ పేరున ఒక కొండ!
మా సర్జన్‌కి చెప్పాలి, అంది.

సంచి ఎనిమిది కిలోలు దాటకూడదు.
కాశీకి పోతే ఇష్టమైనదొకటి వదిలి రావాలి.
మా మేనత్త గంగలో కాకరకాయ వదిలింది
(ఆవిడ ఏనాడు తిన్నది గనక).
నేను రెండో స్వెట్టరు వదిలాను, పుస్తకం వదిలాను,
మాగాయ సీసా కేసి చూశాను.
నెస్టా దాన్ని ఎత్తి తనవైపు పెట్టుకుంది.
చీజు ముక్కలోకి అది లేకపోతే
తను అసలు రాదట.

"ఇంతకీ నువ్వేం మొక్కుకున్నావు?"

మా ఇంట్లో పసుపుగుడ్డలో ముడుపు కట్టేవారు:
జ్వరం తగ్గితే, పరీక్ష గట్టెక్కితే,
ఒకసారి, తప్పిపోయిన గేదె దొరికితే.
నేను చాలాసేపు వెతుక్కున్నాను.
అడగవలసింది ఏదీ తట్టలేదు.
మనుషుల్ని గొట్టాల్లో, అంకెల్లో చూసీ చూసీ
కొన్నాళ్ళు వాళ్ళని
దూరంనుంచి నడిచొస్తుంటే చూడాలనుంది,
అన్నాను. ఇంగ్లీషులో అది ఇంకా పిచ్చిగా వినిపించింది.
నెస్టా మరో కప్పు టీ పోసింది.

పడవవాడి నంబరు రొట్టెల బిల్లు వెనక రాసుంది.
గాలి ఒప్పుకుంటేనే, అన్నాడు ఫోన్‌లో.
సెప్టెంబరు చివరంటే ఒక్కోసారి వారమంతా ఒప్పుకోదట.

మరి కదలకపోతే?

"మా అమ్మ రెండుసార్లు వెళ్ళింది.
రెండుసార్లూ కదల్లేదు.
కొండకొమ్మున కూచుని, గుడ్డు శాండ్‌విచ్ తిని,
దీవికి చెయ్యూపి వచ్చింది.
లెక్కలోకే వస్తుందనేది."

వస్తుంది, అన్నాను. నాకు తెలుసు.
శ్రీశైలంలో అంతే కదా,
గుడి దాకా పోనక్కర్లేదు, శిఖరం కనిపిస్తే చాలు.
నంది దగ్గర నువ్వులు పోసి
కొమ్ముల మధ్యనుంచి చూస్తారు.
చిన్నప్పుడు నాన్న భుజమెక్కి చూశాను.
కనిపించిందనే చెప్పాను అందరికీ.

"కొమ్ములు కావాలా?" నెస్టా ఆలోచనలో పడింది.
"పొట్టేళ్ళున్నాయి. నిలబడతాయో లేదో."

అల్మారాలోంచి నువ్వుల డబ్బా తీసి
సముద్రం మూల మీద పెట్టాను.
రేపు నెవిన్‌కి ఫోన్ చెయ్యాలి:
రెండు మంచాలు,
కింది అంతస్తులో, మెట్లు లేకుండా.