గుట్టెక్కే కరెంటు

ఇరవై తొమ్మిదేండ్లు
కరెంటు కోసం నేనెక్కిన.
కోయిలకొండ సెక్షన్ల నేనెక్కని స్తంభం లేదు,
నా మోకాలి చిప్పనడుగు, నంబర్లతో సహా చెప్తది.
ఇగ చాలు.
ఇప్పుడు కరెంటే నా కోసం ఎక్కాలె.

పాలమూరు క్లాక్ టవర్ సందుల జహంగీర్ దుకాణం.
రెండు సైకిళ్లు బయటికి తీసి, గుడ్డతోని తుడిచి,
పెండ్లిచూపులకు కూసోబెట్టినట్టు
గోడకానిచ్చి నిలబెట్టిండు.

ఒకటి ఎర్రది. వెనక చక్రంల మోటరు,
ముందర వెనక రెండు దిక్కుల స్ప్రింగులు.
"ఒక్కసారి చార్జి పెడితే నూరు కిలోమీటర్లు సాబ్."
నూరంటే నవ్వొచ్చింది.
ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన అంకె
ఎండాకాలం బోరు మోటర్లన్నీ ఒక్కసారి ఆనైతే
ఏమైతదో నాకు తెల్వదా?

రెండోది బూడిద రంగుది. పెడల్ కాడ మోటరు,
ముందర మాత్రమే స్ప్రింగు.
ధర ఎక్కువ, మాట తక్కువ.

మాణెమ్మ ఫోన్ల అడిగింది, "ఎంతనట?"
చెప్పిన.
కొంచెం సేపు ఊపిరి మాత్రమే వినబడ్డది.
"ఆ పైసలకు జోడు బర్రెలొస్తయి."
నిజమే. కానీ బర్రె గుట్టెక్కిస్తదా?
"ఎక్కించకపోతే మానె, పాలిస్తది గద" అని పెట్టేసింది.

జహంగీర్ కొడుకు ట్రాలీల రెండింటినీ ఏసుకొని
నాతోని గుట్ట కిందికొచ్చిండు.
పొద్దుగాల ఆరు. సీతాఫలం కాయలింక కండ్లు తెరువలే.
మేకలు తొక్కి తొక్కి ఏసిన బాట,
గరుసు, పల్లేరు కాయలు, ఏనుగంత గుండ్లు.

ఎర్రది, కాలు కదిలిస్తే చాలు, దుంకింది.
నేనడిగిందెంతో చూడలే,
కొత్త గిత్త బండి గుంజినట్టు గుంజింది.
గరుసు మీద వెనక చక్రం ఉత్తగనే గిర్రున తిరిగి
నన్ను పరికి పొదల కూసోబెట్టింది.
ముల్లు తీసుకుంట పోరడు నవ్వాపుకుంటుండు.

బూడిదది వేరే.
మెల్లగ తొక్కితే మెల్లగ, గట్టిగ తొక్కితే గట్టిగ,
ఆపితే ఆగుడు.
సగం ఎక్కినంక యాదికొచ్చిండు
కుర్మయ్య.
నా హెల్పరు. పదకొండేండ్లు స్తంభం కింద నిలబడ్డడు.
చెయ్యి చాపితే పానా,
కాలు కదిపితే తాడు వదులు.
అడగక ముందు ఇయ్యలే, అడిగినంక ఆలస్యం చెయ్యలే.
షాద్‌నగర్ కంపెనీల వాచ్‌మన్ పని దొరికిందని పోయిండు,
అప్పటి సంది పానా కోసం నేనే కిందికి దిగుతున్న.

రెండో దర్వాజ దాటినంక బండల సందు,
సైకిలు పట్టని సందు.
భుజానికెత్తిన. ఇరవై రెండు కిలోలు,
ఇన్సులేటర్ల సంచంత.
మోకాలు ఒక మాటన్నది, నేను పట్టించుకోలే.

మేకలు కాసెటాయన చేతికర్ర మీద గదుమ ఆనిచ్చి
"కరెంటు సైకిలా? షాక్ కొట్టదా సారూ?"
"కొడితే కొత్తనా పెద్దయ్యా."

పైన, కోట గోడ మీద కూసుంటే
నేను గుంజిన తీగలన్నీ కనబడ్డయి,
మబ్బు నీడ కింద, జొన్న చేన్ల మీదికెళ్లి
తండా దాకా.
ఒక్క స్తంభం కొంచెం ఒరిగింది.
అది నా పాపమే. గాలివాన రాత్రి, తొందర.
ఎవరికీ చెప్పలే ఇప్పటిదాకా.

దిగేటప్పుడు మోటరు బందు పెట్టిన.
బ్రేకు మీద రెండు ఏళ్లు,
పండ్ల నడుమ ఊపిరి,
కడుపుల పన్నెండేండ్ల పోరడు.

బూడిదదే తెచ్చిన.
వాకిట్ల చార్జి పెడితే ఎర్ర దీపం ఎలిగింది.
మాణెమ్మ చుట్టూ ఒకసారి తిరిగి
"గడ్డి మాత్రం తినదు" అని లోపలికి పోయింది.

రాత్రి పదకొండున్నరకు ఫోను.
"లైన్‌మన్ సారూ, కరెంటు పోయింది."
రోజూలెక్క తిట్టుకోలే.
అప్పటికే చెప్పులేసుకున్న.
ఎర్ర దీపం ఆరిపోయిందని
ఊరందరికన్న ముందు
నాకే తెలిసింది.